ముందు చచ్చినవాటిని ఎంచేది

ఆమెను చంపినవాళ్లలో మీరూ ఉన్నారు. తల అడ్డంగా ఊపకండి. మీ ఫోను తెరిచి, పోయిన ఏడాది మీరు పదిమందికీ పంపిన వార్తల్లో వెతకండి. ‘అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఇక జీవితాంతం మాత్రలు అక్కర్లేదు’ అన్నది కనిపిస్తుంది. శీర్షిక చూశారు, పక్కింటాయనకు పంపారు, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, మళ్లీ మీ పనిలో పడ్డారు. శీర్షిక కింద ఏముందో మీలో ఎందరు చదివారో నాకు తెలియదు. ఆ శీర్షిక పెట్టినవాడెవడో మాత్రం తెలుసు. నేనే.

ల్యాబక్క మంగళవారం పొద్దున పోయింది. ఆస్పత్రి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను వర్తూరు రోడ్డు మీద బస్సులో నిలబడి ఉన్నాను. ముందూ వెనకా బండ్లు, బస్సు కదలడం లేదు. “అక్క పోయిందప్పా” అంది చెల్లెలు. ఆ వెంటనే అడిగింది. “ఆయమ్మ మాత్రల డబ్బాలో నువ్వు రాసిన కాగితం ఉండాది. నాలుగు మడతలు పెట్టి, మాత్రల కింద దాచుకోనుండాది. దీన్ని ఏం చేసేది చెప్పు. కాల్చేసేదా, నీకిచ్చేదా?”

నాకిమ్మన్నాను. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. శీర్షిక మాత్రం చెక్కు చెదరలేదు.

ల్యాబక్క అన్నది మా వీధి పెట్టిన పిలుపు. ఆమె కింది ఇంట్లో, నేను పైన, పదకొండేళ్లు. జిగణి అవతల ఒక పల్లె ఆమెది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ల్యాబులో ఆ రెండింటి మధ్య ఇరికించిన ఇంగ్లీషు. రోజూ పొద్దున తొమ్మిదికి ల్యాబు వ్యాను సందు మొదట్లో ఆగేది. ఇరవయ్యేళ్లు అదే ల్యాబులో, ఇరవయ్యేళ్లూ కాంట్రాక్టు మీదే పనిచేసింది. కణాలు పెంచే గది ఆమె చేతిలో ఉండేది. ఎంతమంది డాక్టరేట్లు వచ్చి పోయినా, ఆ గదిలో ఏ గిన్నెలో ఏం పెరుగుతోందో ఆమెకే తెలుసు.

ఆ ల్యాబు చేసేది టిష్యూ ఇంజనీరింగ్. ఒకరి కణాలు తీసుకుని, పెంచి, చెడిపోయిన భాగానికి బదులుగా ఇంకొకరి ఒంట్లో పెట్టే విద్య. పెట్టడం కష్టం కాదట. పెట్టినదాన్ని ఒళ్లు ఉండనివ్వడమే కష్టం. పరాయి కణం కనిపిస్తే ఒంట్లోని కాపలా కణాలు చుట్టుముట్టి చంపేస్తాయి. అందుకే ఇవాళ కిడ్నీయో కాలేయమో మార్పించుకున్నవాళ్లు ఆ కాపలాను బలహీనపరిచే మాత్రలు బతికినంతకాలం మింగాలి. ఆ మాత్రలు లేకుండానే దాత కణాలు బతికే దారి వెతకడం ఆ ల్యాబు పని.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ పని చేసే ల్యాబక్క ఒంట్లో ఉన్నది ఆమె చెల్లెలి కిడ్నీ. ఎనిమిదేళ్ల కింద చెల్లెలు ఇచ్చింది. ఆ ఎనిమిదేళ్లూ అక్క ఆ మాత్రల మీదే బతికింది.

పొద్దున ఎనిమిది, సాయంత్రం ఎనిమిది. ఆమె ఫోనులో అలారం పాత స్కూటరు హారన్ లాగా మోగేది. పై అంతస్తులో మాకు నేలలోంచి వినిపించేది. మా ఇంట్లో గడియారం చూడడం మానేశాం. “ల్యాబక్క మాత్ర వేసుకుంది, లేవండి” అని మా ఆవిడ పిల్లల్ని లేపేది. పెళ్లిలో ఉన్నా, బస్సులో ఉన్నా, ఎనిమిది కొట్టగానే ఆమె చేతిసంచిలోంచి చిన్న నీలం మూత డబ్బా బయటికొచ్చేది. ఇడ్లీ ఆవిరి కక్కుతుంటే తప్ప ముట్టేది కాదు. హోటల్లో చట్నీ గిన్నెను మర్యాదగా నా వైపు తోసేది. కుళాయిని మోచేత్తో తిప్పేది. కాపలా తగ్గించిన ఒళ్లు కదా, ఏ సూక్ష్మజీవి ఏ దారిన వస్తుందో అని. అందరూ మూతికి మాస్కులు తగిలించుకున్న రోజుల్లో వీధిలోకి చూసి, “ఇప్పుడు మీరంతా నా కులమైనారు” అని నవ్వింది.

ఆమె నన్ను పిలిచే పద్ధతి ఒకటుండేది. “ఏమప్పా రాతగాడా, ఈ వారం ఎవరిని తిట్టినావు?” నేను తిట్టినవాళ్ల పేర్లు చెబితే, “వాళ్లు చదివినారా?” అని అడిగేది. చదివి ఉండరని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఒకసారి నన్ను ల్యాబుకు తీసుకుపోయింది. అప్పటి పెద్దసారు మంచివాడు, అద్దం అవతల నిలబడి చూసుకొమ్మన్నాడు. ల్యాబక్క చేతులకు తొడుగులు వేసుకుని, గాలి వీచే గాజు అరలోకి చేతులు పెట్టి కూర్చుంది. ఒక సన్నని సూదిలోంచి జిగురు చుక్కలు చుక్కలుగా కింద నీళ్లలో పడుతోంది. పడిన ప్రతి చుక్కా గుండ్రంగా గట్టిపడుతోంది.

బయటికొచ్చాక అడిగింది. “బూందీ దూసేది చూసినావా ఎప్పుడన్నా? ఇదీ అంతే. మా అమ్మ పండగకి దూసేది, నేను రోజూ దూస్తుండా. ఆ జిగురు సముద్రపు నాచులోంచి తీసిండేది. దాంట్లో దాత కణాలు కలిపుంటాము. కింద నూనె బదులు సున్నపు ఉప్పు కలిపిన నీళ్లు. పడతానే గింజ కడతాది.”

ఆ గింజలు ఉడికిన సగ్గుబియ్యంలాగా ఉన్నాయి. లోపల ఇన్సులిన్ తయారుచేసే కణాలు. గింజ గోడకున్న రంధ్రాలు ఎంత సన్నవంటే, లోపలికి గాలీ తిండీ వెళతాయి, బయటికి ఇన్సులిన్ వస్తుంది, కాపలా కణం మాత్రం దూరలేదు. షుగరు జబ్బున్న ఎలుకల్లో వాటిని పెట్టి చూస్తున్నారు.

తర్వాత ఆమె పని అంతటికీ మూలమైనదాన్ని చూపించింది. కణాల మీద నీలం రంగు చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, నన్ను చూడమంది. కొన్ని ముత్యాల్లా మెరుస్తున్నాయి. కొన్ని నీలంగా ఉన్నాయి.

“మెరిసేవి బతికిండేవి. నీలం తాగినవి చచ్చినవి. చచ్చినదానికి గోడ పాడైపోయింటాది, రంగును ఆపుకోలేదు. ముందు వేటిని ఎంచాల చెప్పు.”

“బతికినవాటిని.”

“అందరూ అట్లే చెప్తారు. కొత్తగా వచ్చే పిల్లోళ్లంతా అట్లే చేస్తారు. బతికినవాటిని ఎంచుకుంటా పోతే మనసు సంతోషపడిపోతాది, చచ్చినవి కనపడవు. ముందు చచ్చినవాటిని ఎంచు. అప్పుడు అబద్ధం చెప్పేకి కాదు.”

ఇరవయ్యేళ్లలో ఆమె రాసిన ప్రతి పుటలో మొదటి గడి చచ్చినవాటిదే. ఆ గదిలో ఎవరు చేరినా మొదట నేర్పేది ఇదే.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో నాకు నా పాత రోగం తిరగబెట్టింది. “అంటే అక్కా, ఒళ్లు కూడా ఈ ఊరిలాంటిదేనన్నమాట. బయటివాళ్లు వస్తే తరిమేస్తుంది” అన్నాను. అప్పటికే తలలో వ్యాసం తయారైపోతోంది.

“సుమ్నే మాట్లాడద్దు” అంది, ఊరికే వాగొద్దన్నట్టు. “వీధిలో మనుషులకు బుద్ధి ఉండాది, ఉండీ తరుముతారు. ఒంటికి బుద్ధి యాడుండాది? ముల్లు గుచ్చుకున్నా ఒకటే, చెల్లెలు కిడ్నీ ఇచ్చినా ఒకటే. ఇన్నేండ్లయింది, నా ఒళ్లు ఇంగా నా చెల్లెల్ని గుర్తుపట్టలేదు. అది దాని తప్పా? నీ రాజకీయం తెచ్చి నా కణాలకి అంటించద్దు.”

ఆ పోలిక నా వ్యాసంలో రాలేదు. అదొక్కటే నేను ఆమె మాట విన్న చోటు.

ఎలుకల ఫలితం రెండు రకాలుగా వచ్చింది. కొన్నిటిలో గింజలు తేటగా ఉన్నాయి, లోపల కణాలు బతికాయి, ఎలుక షుగరు అదుపులో ఉంది, ఏ మందూ లేదు. మరి కొన్నిటిలో ఒళ్లు గింజను గుర్తుపట్టి, చుట్టూ తెల్లటి పొర కట్టింది, పాల మీద మీగడలాగా. ఆ పొర కింద గాలి ఆడక లోపలి కణాలు చచ్చిపోయాయి. ల్యాబక్క రెండూ చూపించింది. “రెండూ రాయి. ముందు ఏవి రాయాలో నీకు తెలుసు.”

తెలుసు. తెలిసీ చచ్చినవాటిని చివరి పేరాలో పెట్టాను. మొదటి పేరా ఆశతో మొదలవ్వాలి కదా, పాఠకుడు పారిపోతాడు కదా. పత్రిక నుంచి ఫోన్ వచ్చింది, చోటు చాలడం లేదు, చివరి పేరా తీసేస్తాం అన్నారు. సరే అన్నాను. ఆ మాట అనడానికి చేతిలో ఉన్న కాఫీ కింద పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు.

వ్యాసం వచ్చిన రోజు ల్యాబక్క పత్రిక పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

“చచ్చిన గింజలు యాడప్పా?”

“చోటు చాల్లేదక్కా.”

“ఎలుకలు అన్న మాట మూడో పేరాలో ఉండాది. పైన చూస్తే మనుషులకే అయిపోయినట్టుండాది.”

“పేదవాడికి ఆశ కూడా అందకూడదా అక్కా? పెద్ద పెద్ద ఆస్పత్రులు అమ్ముకుంటున్నది భయాన్నే. మనం కాస్త ఆశ పంచితే తప్పేంటి?”

ఇలా చాలాసేపు మాట్లాడాను. సైన్సు జనానికి చేరాలన్నాను, భాష జనానికి అర్థం కావాలన్నాను, ఎప్పుడూ అనేవన్నీ అన్నాను. ఆమె విన్నది. చివరికి, “నీతో మాట్లాడి గెలిచేది ఎవరికి అవుతాది” అని పత్రిక చేతిలో పట్టుకుని దిగిపోయింది. ఆ వాదనలో గెలిచింది నేనే. నాకు గెలవడం బాగా వచ్చు.

ఆ తర్వాత మీరంతా పంపడం మొదలుపెట్టారు. శీర్షికను కత్తిరించి, దానికి డాక్టరు బొమ్మ తగిలించి, ఎలుకను పూర్తిగా మాయం చేసి పంపారు. అది తిరిగి తిరిగి నాకే నలుగురి నుంచి వచ్చింది. వస్తుంటే నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది.

ఇక చెయ్యి సంగతి.

ఆ మాత్రలు కొందరికి చేతులు వణికిస్తాయి. ల్యాబక్కకు వణికేవి, మొదట కొంచెం, తర్వాత్తర్వాత ఎక్కువగా. కాఫీ తెస్తే లోటా, గిన్నె ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. “సంగీతం వస్తాంది, తాగు” అనేది. ల్యాబులో మోచేతులు బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, చుక్క చుక్కా వేసేది. అలా నెట్టుకొచ్చింది.

పాత పెద్దసారు వెళ్లిపోయాడు. ల్యాబుకు కొత్త యజమానులు వచ్చారు, వాళ్లతో ఒక కొత్త మేనేజరు వచ్చాడు. మనవాడే. గోదావరి వైపు నుంచి వచ్చి బ్రూక్‌ఫీల్డ్‌లో స్థిరపడ్డవాడు. వచ్చే పోయే పెద్దమనుషులకు చూపించడానికి గింజలు తయారవడం వీడియో తీయించాడు. తెర మీద వేస్తే, అంత పెద్ద చెయ్యి, అంత పెద్ద వణుకు.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని ల్యాబక్క అతని మాటలు అలాగే అప్పజెప్పింది. “‘మేడమ్, డోంట్ మైండ్, హ్యాండ్ షేక్ అవుతోంది కదా, నెక్స్ట్ కాంట్రాక్ట్ నుంచి మీరు గ్లాస్‌వేర్ వాషింగ్ చూసుకోండి, పర్లేదా?’ అన్నాడు. పర్లేదా అని అడిగినాడప్పా. పర్లేదు అనేకి తప్పితే ఇంగోటి చెప్పేకి చోటుండాదా ఆ మాటలో?”

నేను మండిపోయాను. “రేపే రాస్తాను, వాడి పేరుతో సహా” అన్నాను.

“నువ్వు రాస్తే నీకు చప్పట్లు, నాకు గేటు. కూర్చో సుమ్నే.”

“మరి డాక్టరుకు చెప్పు. మందు మారుస్తాడేమో.”

“అపాయింట్‌మెంటు అంటే ఒక రోజు. రక్తం తీసేది ఒక రోజు. కాంట్రాక్టు మనిషికి యాడ లీవు? ఈ నెలలో రెండు దినాలు పోతే, ఆ మేనేజరు మూడో దినం అడగనే అడగడు, ఇంగొకరిని కూర్చోబెడతాడు.” కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసింది. “గాజులు కడిగేది తక్కువ పనని కాదప్పా. నేను మొదట చేసింది అదే. ఈ గింజలు కుదిరేదాకా ఆ సూది నా చేతిలో ఉండాల. ఇది కుదిరితే నా మాదిరి ఎనిమిది గంటలకి బతికేవాళ్లు ఇంగ ఉండరు. అది నా చేత్తో చూడాల. అంతే నాకుండేది.”

కాంట్రాక్టు మారడానికి అప్పటికి కొన్ని నెలలుంది. కొన్ని వారాల్లోనే చెయ్యి నిలబడింది.

ఒక ఆదివారం పొద్దున రెండు లోటాల కాఫీ రెండు చేతుల్లో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. గలగల లేదు. “చూసినావా? ఒక్క చుక్క పడలేదు” అంది. కళ్లు మెరుస్తున్నాయి. మా ఆవిడ సూది, దారం ఇస్తే, ఒక్కసారికే ఎక్కించింది.

“మందు మార్చారా అక్కా?”

“డాక్టరు తగ్గించినాడు” అంది.

నమ్మాను. పాతికేళ్లుగా ప్రతి మంత్రి మాటకూ కాగితం చూపించమని అడిగే మనిషిని, రక్తం పరీక్షలో ఏమొచ్చింది అని ఒక్క మాట అడగలేదు. సెలవు ఎప్పుడు దొరికింది అని అడగలేదు. సాయంత్రం ఎనిమిది అలారం మోగడం ఆగిపోయింది. ఆగిందని గమనించాను కూడా. ఫోను మార్చిందేమో అనుకున్నాను. తర్వాత పొద్దుటిదీ ఆగింది. మా పిల్లలు రెండు రోజులు బడికి ఆలస్యమయ్యారు. గడియారం కొనుక్కున్నాం.

కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టేటప్పుడు నొప్పి పుట్టదు. రక్తంలో అంకెలు పెరుగుతాయి, అవి చూడకపోతే ఏమీ తెలియదు. మొదట ఆమె కాళ్లు వాచాయి. చెప్పులు పట్టక హవాయి చెప్పుల్లో వ్యాను ఎక్కేది. “నిలబడే పని కదప్పా” అంది. మొహం ఉబ్బింది. “నిద్ర ఎక్కువైంది” అంది. కాంట్రాక్టు కొత్తగా రాశారు, సూది ఆమె చేతిలోనే ఉంచారు, ఆ రోజు వీధిలో అందరికీ మైసూర్‌పాక్ పంచింది. నేను రెండు ముక్కలు తిన్నాను.

ఆ నెలాఖరులో ల్యాబులోనే పడిపోయింది.

కిడ్నీని కాపాడడానికి డాక్టర్లు కాపలా కణాల మీద చాలా పెద్ద మోతాదులో మందు ప్రయోగించారు. కాపలా పడిపోయింది, ఊపిరితిత్తుల్లోకి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఆ డాక్టర్లను తిట్టడానికి నాకు కారణం దొరకలేదు. వెతకకపోలేదు. వాళ్లలో పెద్దావిడ ఒక్క మాటే అంది. “చెయ్యి వణుకుతోందని చెప్పి ఉంటే వేరే రకం మాత్రకు మార్చేదాన్ని. రక్తం చూస్తూ సరిచేసేదాన్ని. చాలామందికి చేస్తాం.”

మధ్యాహ్నం చూడనిచ్చే వేళకు వెళ్లాను. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన గౌను, టోపీ, మాస్కు వేసుకుని లోపలికి పోయాను. ఆమె కళ్లతోనే నవ్వింది.

“ఇప్పుడు నువ్వూ ల్యాబు మనిషి మాదిరే ఉండావు” అంది. ఆయాసం మధ్య ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది. “రాస్తావా నా గురించి?”

“రాయనక్కా. నువ్వు ఇంటికి రా.”

“రాస్తావులే. నాకు తెలుసు కదా నువ్వు.” ఊపిరి అందుకుంది. “ఈసారి నన్ను చివరి పేరాలో పెట్టద్దప్పా. చోటు చాల్లేదంటారు.”

అందుకే ఆమె చావును మొదట పెట్టాను. మీకు మర్యాదగా అనిపించలేదేమో. ఫర్వాలేదు.

పోయిన నాలుగో రోజు చెల్లెలు జిగణి నుంచి వచ్చింది. అక్కడ అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. షిఫ్టు దిగి, అలాగే గుర్తింపు కార్డు మెడలో వేసుకుని వచ్చింది. ఆ వ్యాసం కాగితం నా చేతిలో పెట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్ల మీదే కూర్చుంది, అక్క కూర్చునే చోట.

“నాకు చెప్పింటే నేనే దినామూ వచ్చి నోట్లో వేసిపోతా ఉంటినే” అంది. “ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకోని, ‘నీది నేను పాడు చేసినానే’ అని ఒకటే ఏడుపు. ఇచ్చేదాకా నాది. ఇచ్చినాక నీదే, నీది నువ్వు ఏమన్నా చేసుకో అని చెప్పినాను. చెప్పినాను గానీ మనసు ఒప్పేదిలే. నాకు కోపముండాది. ఎవరి మీదో తెలిసేదిలే. కొంచెం నీ మీద ఉండాది.”

“కొంచెమేనా?”

“ఇప్పటికి కొంచెం.”

సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసింది. ల్యాబులో వాడే గట్టి అట్ట పుస్తకం. “ఇది నాకు అర్థం కాలేదు. నువ్వు చదువుకున్నోడివి, చూడు.”

ఎలుకలకు మందు తగ్గించుకుంటూ పోయే పద్ధతి ఒకటి వాళ్ల ల్యాబులో ఉంటుంది. కొద్దికొద్దిగా తగ్గిస్తారు, తగ్గించిన ప్రతిసారీ ఏమైందో రాస్తారు. ల్యాబక్క ఆ పుటలనే గీసుకుంది. నిలువు గడులు స్కేలుతో గీసినవి. తేదీ. మోతాదు. ఎలుక నంబరు ఉండే చోట ‘నేను’ అని రాసి ఉంది. ఎలుకలకు గింజ గోడ అడ్డం ఉందనీ, తన కిడ్నీకి ఏ గోడా లేదనీ ఆమెకు తెలియదని ఎవరైనా అంటారేమో, అనకండి. నాకు ఆ సంగతి చెప్పిందే ఆమె. తెలిసే చేసింది, నా శీర్షికను మాత్రల కింద పెట్టుకుని. చెయ్యి నిలబడేదాకా కొన్నాళ్లు, అంతే, తర్వాత మళ్లీ మొదలుపెడతాను అనుకుని ఉంటుంది. ఒక పుటకు అడ్డంగా, ‘కాంట్రాక్టు అయినాక మళ్లీ మామూలు’ అని రాసుకుంది. కాంట్రాక్టు అయ్యాక చెయ్యి మళ్లీ వణుకుతుంది కదా అన్నది ఆ తర్వాతే తట్టినట్టుంది. ఆ పుట తర్వాత మోతాదు ఇంకా తగ్గింది.

మొదటి గడి, ఇరవయ్యేళ్లుగా చచ్చినవాటిని రాసే గడి. దాని మీద ‘రక్తం పరీక్ష’ అని రాసుకుంది. ఆ గడి మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఖాళీ. జీవితంలో మొదటిసారి ఆమె ముందు ఎంచాల్సినదాన్ని ఎంచలేదు. ఎంచడానికి ఒక రోజు సెలవు కావాలి.

చివరి గడిలో అంకెలు లేవు. రోజుకొక చుట్ట గీసింది, నడుమ చుక్కతో మొదలై బయటికి తిరుగుతూ వచ్చే గీత. వణుకు ఎంతుందో చూడడానికి డాక్టర్లు అలా గీయిస్తారట. మొదటి పుటలో చుట్టలు రంపంలా ఉన్నాయి, గీత గీతకూ పళ్లు. తర్వాతి పుటలో పళ్లు మొద్దుబారాయి. ఆ తర్వాత అలల్లా అయ్యాయి. పుటలు తిప్పే కొద్దీ గీత తేరుకుంటూ వచ్చింది. అక్కడ లోపల చెల్లెలి కిడ్నీ ఒక్కో రోజూ చస్తుంటే ఇక్కడ గీత ఒక్కో రోజూ అందంగా అవుతూ వచ్చింది. చిట్టచివరి చుట్ట ఆమె పడిపోయిన రోజు పొద్దున గీసినది. ఎక్కడా ఒక్క అదురు లేదు. నడుమ చుక్క నుంచి అంచు దాకా ఒకే ఊపిరిలో లాగిన గీత.

చెల్లెలు దాని మీద వేలు పెట్టి, గీత వెంబడి నెమ్మదిగా తిప్పింది. “ముగ్గు మాదిరి ఉండాది” అంది. “చిన్నప్పుడు అక్క చెయ్యి ఇట్లే ఉండేది.”

ఇక నేను వాదించను. ఎవరి మీదా గెలవను. ఇవి కావాలి:

జంతువుల మీద చేసిన ప్రయోగం గురించి రాస్తే ఆ జంతువు పేరు శీర్షికలోనే ఉండాలి.

విఫలమైనవి మొదటి పేరాలో ఉండాలి. చోటు చాలకపోతే మిగతాది కోయండి.

నా వ్యాసానికి సవరణ అదే పత్రికలో, అదే పుటలో, అంతే పెద్ద అక్షరాలతో వేయాలి.

అవయవ మార్పిడి చేయించుకున్న ప్రతి ఉద్యోగికీ రక్తం పరీక్ష రోజున జీతంతో సెలవివ్వాలి. కాంట్రాక్టు మనుషులకూ ఇవ్వాలి.

మందు వల్ల చెయ్యి వణికితే మనిషిని డాక్టరు దగ్గరికి పంపాలి. పని లాక్కోకూడదు.

ఆ ల్యాబు అచ్చువేసే ప్రతి పత్రంలో, గింజలు తన చేత్తో చేసిన మనిషి పేరు ఉండాలి.

కిడ్నీ ఇచ్చిన మనిషి జిగణి ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా పొద్దంతా నిలబడి పనిచేస్తోంది. ఆమెకు కూర్చునే పని ఇవ్వాలి. ఏటా ఆమె ఆరోగ్యం ఆస్పత్రే చూడాలి.

ఆ మాత్రలు వేసుకునేవాళ్లు మీలో ఉంటే, డాక్టరుకు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకండి. వణుకుంటే వణుకుందని చెప్పండి.

పోయిన ఏడాది ఆ వార్త ఎవరెవరికి పంపారో, వాళ్లందరికీ ‘అవి ఎలుకలు, వాటిలో కొన్నిటిలో పెట్టిన కణాలు చచ్చిపోయాయి’ అని మళ్లీ పంపండి. ఇవాళే.

కింది ఇంట్లో రోజూ ఎనిమిదికి మోగే అలారం ఆగిపోతే గడియారం కొనుక్కోకండి. దిగి వెళ్లి తలుపు తట్టండి.